తెలుగు ఫైలు ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకోవాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శులకు,



నేను జిల్లా కేంద్రంలో కలెక్టరేట్ ఎదురుగా డీటీపీ సెంటర్ నడుపుకుంటున్నాను. అర్జీలు, అఫిడవిట్లు, పంచాయతీ తీర్మానాలు, బడి వార్షికోత్సవాల ఆహ్వానాలు, ఉద్యోగ సంఘాల కరపత్రాలు, ఇలా ఊళ్లో తెలుగులో టైపయ్యే కాగితాల్లో చాలా భాగం మాలాంటివాళ్ల చేతుల మీదుగానే వెళ్తుంది. ఆఫీసుల్లో పనిచేసే జూనియర్ అసిస్టెంట్లు, ఆపరేటర్లు కూడా ఫైలు మొరాయిస్తే పెన్‌డ్రైవ్ పట్టుకుని రోడ్డు దాటి మా దగ్గరికే వస్తారు. ‘అన్నా, నిన్న బాగానే ఉంది, ఇవాళ తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే’ అంటారు. సాయంత్రం మీటింగుకి ఆ నోట్ కావాలని పైనుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఆలస్యమైతే మాట పడేది వాళ్లే.

ఆ తప్పు వాళ్లది కాదని చెప్పడానికే ఈ ఉత్తరం. వర్డ్‌లో తెలుగు ఫైళ్లకు వచ్చే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఒక్కటే. ఆ ఫైళ్లలో చాలావాటిలో అసలు తెలుగే లేదు. పైకి తెలుగులా కనిపిస్తున్న వేరే అక్షరాలున్నాయి. మీ స్థాయిలో ఒక్క ఉత్తర్వు వస్తే ఇది చాలావరకు తీరిపోతుంది. కింద ఎవరెంత కష్టపడినా మాత్రం తీరదు.

ముందు ఆ పిచ్చి గీతల సంగతి చెబుతాను. మన దగ్గర డీటీపీ మొదలైన రోజుల్లో కంప్యూటర్లో తెలుగుకు చోటు లేదు. ఒక ఫాంట్‌లో రెండు వందల పైచిలుకు గడులు మాత్రమే ఉండేవి, అవీ ఇంగ్లిషుకూ యూరప్ భాషలకూ కేటాయించినవి. మనవాళ్లు తెలివిగా ఆ గడుల్లోనే తెలుగు ముక్కలు గీసి పెట్టారు. ఒక గడిలో తలకట్టు, ఇంకో గడిలో కొమ్ము, మరోచోట ఒత్తు. కొన్ని పాత ఫాంట్లలో ‘మ’ కూడా ఒక్క ముక్క కాదు. ‘వ’ లాంటి ముక్క పక్కన కొమ్ము లాంటి ముక్క చేరితే ‘మ’ అవుతుంది. అను ఫాంట్లతో సహా ఆ తరం ఫాంట్లన్నీ ఈ పద్ధతిలో వచ్చినవే. ఆ ముక్కలతోనే మన పత్రికలు, పాఠ్యపుస్తకాలు, పెళ్లి శుభలేఖలు ఏళ్ల తరబడి అందంగా అచ్చయ్యాయి. ఆ ఫాంట్లు చేసినవాళ్ల మీద నాకెంతో గౌరవం ఉంది. వాటివల్లే నాకు తిండి దొరికింది.

కానీ ఆ ఫైల్లో కంప్యూటర్ దాచుకున్నది మాత్రం నెత్తిన చుక్కలూ టోపీలూ ఉన్న యూరప్ అక్షరాలనే. ఫాంట్ వాటికి కట్టిన వేషం. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఫైలు తెరిస్తే వేషం ఊడిపోయి అసలు రూపం బయటపడుతుంది. ఆపరేటర్లు అనే పిచ్చి గీతలు అవే. నిన్న బాగుండి ఇవాళ పాడవడానికి కారణం కూడా అదే. నిన్నటి సిస్టంలో ఫాంట్ ఉంది, ఇవాళ్టి దాంట్లో లేదు. ఎవరో విండోస్ మళ్లీ వేసి ఉంటారు, లేకపోతే ఫైలు పక్క సెక్షన్‌కి వెళ్లి ఉంటుంది.

ఈ వేషం ఊడకపోయినా నష్టం చేస్తుంది. వర్డ్‌కు అది ఇంగ్లిషే కాబట్టి ఇంగ్లిషును దిద్దినట్టే దాన్నీ దిద్దుతుంది. వాక్యం మొదట్లో చిన్న బడి అక్షరం కనిపిస్తే పెద్ద బడికి మారుస్తుంది. ఆ పాత ఫాంట్‌లో పెద్ద బడి గడిలో ఉన్నది వేరే తెలుగు ముక్క. దాంతో టైపు చేసిన మనిషి కళ్లముందే, స్పేస్ కొట్టగానే, పేరులో మొదటి అక్షరం మారిపోతుంది. అచ్చుతప్పు ఎవరిదని అడిగితే ఆపరేటర్‌దే అంటారు. అలాగే నిటారు కొటేషన్ గుర్తును వర్డ్ వంకర గుర్తుగా మారిస్తే, ఆ గడిలో ఉన్న ఒత్తో గుణింతమో ఎగిరిపోతుంది. పాత ఫాంట్‌తో ఇంకా పనిచేయక తప్పనివాళ్లు ఫైల్, ఆప్షన్స్, ప్రూఫింగ్, ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లోకి వెళ్లి ‘క్యాపిటలైజ్ ఫస్ట్ లెటర్ ఆఫ్ సెంటెన్సెస్’ ముందున్న టిక్ తీసేయాలి. అక్కడే ఉన్న ‘ఆటోఫార్మాట్ యాజ్ యు టైప్’ ట్యాబ్‌లో స్మార్ట్ కోట్స్ టిక్ కూడా తీసేయాలి. రెండు నిమిషాల పని ఇది. ఆఫీసుల్లో ఈ సంగతి ఎవరికీ ఎవరూ చెప్పలేదు.

ఒక ఫైల్లో ఉన్నది నిజమైన తెలుగా, వేషమా అని తేల్చుకోవడం కూడా తేలికే. వర్డ్‌లో ‘క’ అనే అక్షరం తర్వాత కర్సర్ పెట్టి, ఆల్ట్ నొక్కి పట్టుకుని ఎక్స్ కొట్టమనండి. అక్షరం స్థానంలో 0సీ15 అని వస్తే అది యూనికోడ్, అంటే ప్రతి లిపికీ సొంత గడులున్న పద్ధతిలోని తెలుగు. మళ్లీ అదే కొడితే ‘క’ తిరిగి వస్తుంది. 0సీతో మొదలుకాని సంఖ్య ఏది వచ్చినా ఆ ఫైలు మార్చాల్సిన జాబితాలోదే. యూనికోడ్‌లో 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా 128 గడులు తెలుగుకే కేటాయించి ఉన్నాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్ నుంచే మన లిపి అందులో ఉంది. విండోస్ ఎక్స్‌పీతోపాటే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంట్ వచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2009 నవంబరులోనే ఈ-గవర్నెన్స్‌కు యూనికోడ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. అంటే కొత్త నియమం కోసం మిమ్మల్ని అడగడం లేదు. ఉన్న నియమం కలెక్టరేట్ మెట్ల దాకా, తహసీల్దారు ఆఫీసు దాకా వచ్చేలా చూడమంటున్నాను.

పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిని వాడాలి, కానీ నమ్మి వదిలేయకూడదు. ముక్కలుగా ఉన్నదాన్ని అక్షరాలుగా పేర్చాలంటే కన్వర్టర్ ఊహించక తప్పదు. ఒత్తు ముందు అక్షరానిదా, తర్వాతి అక్షరానిదా? కొమ్ము గుణింతమా, ‘మ’లో భాగమా? ఎక్కువసార్లు సరిగ్గానే చేస్తుంది. తప్పితే మాత్రం ఊరి పేర్లలో, ఇంటి పేర్లలో తప్పుతుంది. వాక్యంలో తప్పు ఉంటే చదివేవాళ్లు పోల్చుకుంటారు, పేరులో పడితే ఎలా పోల్చుకుంటారు? అందుకే మార్చిన ప్రతి రికార్డునూ సంతకాలున్న అసలు కాగితంతో పక్కపక్కన పెట్టుకుని ఒక మనిషి చదవాలి. దానికి సమయం, డబ్బు కేటాయించకుండా ‘కన్వర్ట్ చేసేయండి’ అని ఆదేశమిస్తే, కుప్పలు తెప్పలుగా తప్పుడు పేర్లు తయారవుతాయి.

యూనికోడ్‌లోకి మారితే అన్ని ఇబ్బందులూ తీరిపోతాయని కూడా నేను చెప్పను. మారినవాళ్లు కొత్త చిక్కుల్లో పడి, దారి చెప్పేవాళ్లు లేక, మళ్లీ పాత ఫాంట్‌కే వెళ్లిపోవడం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్లు ఎక్కడ ఆగిపోతున్నారో మీకు తెలియాలి.

అన్నిటికన్నా ఎక్కువగా చూసేది గుడులూ ఒత్తులూ తెగిపోవడం. ఇంగ్లిషు ఉత్తరాల కోసం చేసిన పాత టెంప్లేట్‌లో వరుసల మధ్య దూరం ‘ఎగ్జాక్ట్లీ’ అని, పన్నెండు పాయింట్లకో పద్నాలుగు పాయింట్లకో బిగించి ఉంటుంది. ఇంగ్లిషుకు అది చాలు. తెలుగుకు పైన గుడి కావాలి, కింద ఒత్తు కావాలి, ‘రాష్ట్రం’ లాంటి మాటకైతే ఒత్తు కింద ఇంకో ఒత్తు కావాలి. చోటు చాలక పైముక్క తెగిపోతుంది. ‘లక్ష్మీ’లో గుడిదీర్ఘం తెగితే చదివేవాళ్లకు ‘లక్ష్మి’ అనే కనిపించవచ్చు. పట్టాదారు జాబితాలో ఆ తేడాకు ఎంత తిరగాల్సి వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఫాంట్ బాగాలేదని ఫాంట్ మార్చి చూస్తారు, సైజు తగ్గించి చూస్తారు. పేరాగ్రాఫ్ సెట్టింగ్‌లో ‘ఎగ్జాక్ట్లీ’ తీసి ‘యాట్ లీస్ట్’ పెడితే చాలు. పట్టికల్లో అయితే టేబుల్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి వరుస ఎత్తు దగ్గర కూడా అదే మార్పు చేయాలి. మా దగ్గరికి వచ్చే తెలుగు పట్టికల్లో ఈ ఒక్క మార్పుతో బాగుపడేవి ఎన్నో.

రెండోది, ఫాంట్ మార్చినా మారకపోవడం. తెలుగు వాక్యం మొత్తం సెలెక్ట్ చేసి సైజు 16 పెడతారు, మధ్యలో ఉన్న ఇంగ్లిషు మాటలు పెరుగుతాయి, తెలుగు పెరగదు. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందనుకుంటారు. వర్డ్ ఇంగ్లిషుకు ఒక ఫాంటు, ఒక సైజు, తెలుగులాంటి లిపులకు వేరే ఫాంటు, వేరే సైజు గుర్తుపెట్టుకుంటుంది. ఫాంట్ బాక్స్ తెరిస్తే ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ అని విడిగా ఒక భాగం ఉంటుంది, మార్పు అక్కడ చేయాలి. అది కనబడకపోతే ఆఫీస్ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో తెలుగును చేర్చుకోవాలి. డబ్బు కట్టనక్కర్లేని లిబ్రె ఆఫీస్‌లో కూడా ఇదే పద్ధతి. ఆప్షన్స్‌లో భాషల దగ్గర కాంప్లెక్స్ టెక్స్ట్ లేఔట్‌కు టిక్ పెట్టాలి. తెలుగు మాటలన్నిటి కింద ఎర్ర గీతలు పడుతున్నాయంటే వర్డ్ వాటిని వేరే భాష అనుకుంటోందని అర్థం. రివ్యూ మెనూలో భాష తెలుగు అని చెబితే ఆ గొడవ పోతుంది.

మూడోది కంటికి కనిపించదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ‘ట్’ తర్వాత ‘వే’ విడిగా నిలబడాలి. మామూలుగా టైపు చేస్తే ‘వ’ ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. రెండిటినీ విడదీయడానికి వెడల్పు లేని ఒక గుర్తు ఉంది, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. వర్డ్‌లో 200సీ అని కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే వస్తుంది. ఇది తెలియనివాళ్లు మధ్యలో స్పేస్ కొడతారు. ఒకే మనిషి పేరు ఒక ఆఫీసులో ‘వెంకట్ రావు’, ఇంకో ఆఫీసులో ‘వెంకట్‌రావు’, మూడోచోట ‘వెంకట్రావు’. మనకు మూడూ ఒకటే. కంప్యూటర్ లెక్కలో ఇవి మూడు వేర్వేరు మాటలు. వెతికితే ఒక రికార్డు దొరికి, పక్క రికార్డు దొరక్కపోవచ్చు. పేర్లు ఎక్కించే ప్రతి శాఖకూ ఇందులో ఒక పద్ధతి ఖాయం చేసి చెప్పాల్సింది ప్రభుత్వమే. ఆపరేటర్ ఎవరికి వారు తేల్చుకునే విషయం కాదిది.

ఆ కనిపించని గుర్తు ఎంత పని చేయగలదో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరంలో ఆ గుర్తు చేరిన ఒక రూపం వస్తే ఐఫోన్లలో మెసేజ్ యాప్‌లు కుప్పకూలాయి. గొడవ బయటపడిన కొద్ది రోజులకే, ఆ నెలలోనే, ఆపిల్ కంపెనీ 11.2.6 అనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. తెలుగులో తప్పు ఉందని చెప్పే గొంతు గట్టిగా వినబడితే ఎంత పెద్ద కంపెనీ అయినా సరిచేస్తుంది. మన ఆఫీసుల్లో తెలుగు టైపుకు వచ్చే చిక్కులను ఒకచోట రాసిపెట్టి, ఆ కంపెనీలకు రాష్ట్రం తరఫున ఉత్తరం రాసే బాధ్యత ఇవాళ ఏ అధికారికి ఉంది?

చిన్నచిన్నవి ఇంకా ఉన్నాయి. గుణింతం విడిగా పడి పక్కన చుక్కల వలయం కనిపిస్తే, దాని ముందు ఉండాల్సిన హల్లు లేదని అర్థం. చెరిపి మళ్లీ వరుసగా కొట్టాలి. ‘స్త్రీ’ అనేది కంటికి ఒక్క అక్షరం, లోపల ఆరు సంకేతాలు. అందుకే బ్యాక్‌స్పేస్ కొడితే గుడిదీర్ఘం ఒక్కటే పోతుంది, డిలీట్ కొడితే అక్షరం మొత్తం పోతుంది. అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే ఆ ఫాంట్‌లో ఆ అక్షరం లేదన్నమాట. ప్రాచీన గ్రంథాల్లో వాడే నకారపొల్లు యూనికోడ్‌లోకి వచ్చింది 2021లోనే, అంతకుముందు తయారైన ఫాంట్లకు అది తెలియదు. ఇక కరెంటు పోయి ఫైలు పోవడం, వర్డ్ తెరుచుకోకపోవడం లాంటివి ఏ భాషకైనా ఉన్నవే. ఆటోరికవర్ మామూలుగా పది నిమిషాలకొకసారి దాస్తుంది, దాన్ని రెండు నిమిషాలకు తగ్గించుకోవచ్చు. పాడైన ఫైలును ఓపెన్ బాక్స్‌లో ‘ఓపెన్ అండ్ రిపేర్’తో తెరిచి చూడొచ్చు. కంట్రోల్ కీ నొక్కిపట్టి వర్డ్‌ను తెరిస్తే సేఫ్ మోడ్‌లో వస్తుంది.

పీడీఎఫ్‌ల గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్పాలి. తెలుగు నోటీసును టైపు చేసి, ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి, ఆ బొమ్మను వెబ్‌సైట్‌లో పెట్టడం అలవాటైపోయింది. అందులో ఒక్క మాట కూడా వెతకలేం. చూపులేని విద్యార్థి తన కంప్యూటర్లో ఎన్‌వీడీఏ లాంటి ఉచిత స్క్రీన్ రీడర్ పెట్టుకున్నా దానికి ఆ బొమ్మలో అక్షరాలే కనిపించవు. ఆ రీడర్‌కు తెలుగు చదవడం వచ్చు, చదవడానికి మనం తెలుగు ఇవ్వడం లేదు. పాత ఫాంట్‌తో చేసిన పీడీఎఫ్ ఇంకా ఘోరం, స్క్రీన్ రీడర్ తెలుగు బదులు అర్థంలేని యూరప్ అక్షరాలను పలుకుతుంది. స్కాలర్‌షిప్ నోటిఫికేషన్‌ను పక్కవాళ్లతో చదివించుకోవాల్సిన అవసరం ఆ పిల్లలకు ఎందుకు రావాలి? సమాచారాన్ని వికలాంగులకు అందుబాటు రూపంలో ఇవ్వాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. రికార్డులను సూచికలతో సర్దిపెట్టి కంప్యూటర్లోకి ఎక్కించాలని, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకుని ప్రజలకు అందించాలని సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ 2005 నుంచీ అంటోంది. వెతకడానికి వీల్లేని బొమ్మతో ఆ బాధ్యత తీరినట్టు కాదు. యూనికోడ్ తెలుగును వర్డ్‌లో ‘సేవ్ యాజ్’ ద్వారా పీడీఎఫ్ చేసినా, కాపీ చేసేటప్పుడు ఒత్తులు అటూఇటూ కావడం ఉంది. కాబట్టి పీడీఎఫ్‌తోపాటు డాక్స్ గానీ ఓడీటీ గానీ, అసలు ఫైలును కూడా వెబ్‌సైట్‌లో పెట్టాలి. సంతకం కాగితం సంతకం కాగితంగానే ఉంటుంది, దానికేమీ కాదు.

మాలాంటి డీటీపీవాళ్లు మారరని మీకు ఎవరైనా చెప్పొచ్చు. అందులో కొంత నిజముంది. ‘యాపిల్’ అనే పాత తెలుగు కీబోర్డు లేఔట్ మీద పరిగెత్తే వేళ్లు కొత్త కీబోర్డు మీద తడబడతాయి, తడబడితే ఆ రోజు సంపాదన తగ్గుతుంది. మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌కు యూనికోడ్ రాదు. ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూకి వెళ్లి ‘అడోబ్ వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి కనిపిస్తాయి. అది తెలియక ‘యూనికోడ్ అచ్చుకు పనికిరాదు’ అని తేల్చేసినవాళ్లు చాలామంది. మంచి ఫాంట్లు లేవన్న మాట కూడా ఒకప్పుడు నిజమే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు పోతన, వేమన ఫాంట్లు చేసి ఇచ్చిన కాలంలో ఆయనలాంటివాళ్లు కొద్దిమందే. ఇప్పుడు మండలి, గిడుగు, గురజాడ, సురవరం, రామభద్ర, పెద్దన, ధూర్జటి, ఇలా ఎన్నో ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. శుభలేఖకైనా, శీర్షికకైనా సరిపోతాయి. లైనక్స్‌లో యాపిల్ లేఔట్‌తోనే యూనికోడ్ టైపు చేసే వీలు ఎప్పటినుంచో ఉంది. మేం పాత ఫాంట్‌లో ఉండిపోవడానికి అసలు కారణం, మీ ఆఫీసులు ఇంకా వాటిని తీసుకుంటూ ఉండటమే. యూనికోడ్‌లో ఇస్తేనే బిల్లు పాసవుతుందని ప్రింటింగ్ టెండర్లో ఒక్క వాక్యం చేర్చండి. మా వీధి మొత్తం త్వరలోనే నేర్చుకుంటుంది.

కాబట్టి నా విన్నపాలు ఇవి. ఫలానా తేదీ తర్వాత ప్రభుత్వ ఆఫీసుల్లో తయారయ్యే ప్రతి తెలుగు పత్రం యూనికోడ్‌లోనే ఉండాలని రెండు రాష్ట్రాలూ ఉత్తర్వు ఇవ్వాలి. తెలుగుకు సరిపడా వరుసల దూరంతో, ఒకే ఫాంట్‌తో, భాష తెలుగు అని ముందే పెట్టిన ఒక టెంప్లేట్ తయారుచేయించి ప్రతి ఆఫీసు కంప్యూటర్లో వేయించాలి. ఒత్తులు తెగడం, సైజు మారకపోవడం, ఎర్ర గీతలు ఈ ఒక్క టెంప్లేట్‌తోనే చాలావరకు ఆగిపోతాయి. బాపట్లలో ఆంధ్రప్రదేశ్‌కు మానవ వనరుల అభివృద్ధి సంస్థ ఉంది, హైదరాబాద్‌లో తెలంగాణకు మర్రి చెన్నారెడ్డి పేరిట అలాంటి సంస్థే ఉంది. అవి ఉద్యోగులకు ఇచ్చే శిక్షణలో పూటంత సమయం తెలుగు టైపుకు, దాని చిక్కులకు ఇవ్వాలి. ఆ పూట పాఠం చెప్పడానికి ఆఫీసర్ల కంటే రోజూ ఈ పని చేసే ఆపరేటర్లనే పిలవండి.

పాత ఫైళ్ల సంగతికి తొందర ఉంది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లోనే మద్దతు ఆపేసింది. అయినా పేజ్‌మేకర్ ఫైళ్లు తెరవడానికే ఒక ఎక్స్‌పీ మిషన్‌ను మూలన పెట్టుకున్న ప్రెస్సులూ ఆఫీసులూ ఇప్పటికీ ఉన్నాయి. ఆ హార్డ్‌డిస్కుల్లో పాత తీర్మానాలు, సర్వీసు రికార్డులు, మండలాల చరిత్రలు, అచ్చయి మాయమైన పుస్తకాలు ఉన్నాయి. డిస్కు పోయిన రోజున వాటిని ఏ కన్వర్టరూ తేలేదు. రెండు రాష్ట్రాలూ చెరొక జిల్లాను ఎంచుకుని, ఈ ఏడాదే వాటిని కాపీ తీసి, మార్చి, కాగితంతో సరిచూసే పని మొదలుపెట్టాలని కోరుతున్నాను. ఫాంట్ల సీడీలు, పాత కీబోర్డు చార్టులు మా వీధుల్లో ఇంకా ఉన్నాయి, ఏ ఫాంట్‌లో ఏ ముక్క ఎక్కడ ఉందో తెలిసిన మనుషులూ ఉన్నారు. పిలిస్తే వస్తారు.

ఇట్లు,
కలెక్టరేట్ ఎదురుగా ఉన్న డీటీపీ సెంటర్ నుంచి
ఒక ఆపరేటర్